ఫ్లోర్యాన్ పెట్టెలో ఎంత?

పోద్‌బ్రేగ్, నవంబరు చివర

మామయ్యా,

ఇక్కడ క్షేమం. మీరు క్షేమమని తలుస్తాను. ఈ వాక్యం రాయకుండా ఉత్తరం మొదలుపెట్టడం నాకు చేతకాదు, నవ్వుకుంటే నవ్వుకోండి. మీ చెవులు ఫోనుకు పనికిరావు, ఫోను తెర మీద చదవడానికి మీరు ఒప్పుకోరు. అందుకని కాగితం. మీ అబ్బాయి రోక్ లారీ తీసుకుని జర్మనీ వైపు వెళ్ళాడు. ఇంట్లో నేనూ, పిల్లీ, మీ తేనెటీగలూ.

మీరు శానటోరియానికి బయల్దేరేటప్పుడు తేనెటీగల కొట్టం తాళంచెవి నా చేతిలో పెట్టి ఏం చెప్పారో గుర్తుందా? పెట్టె ద్వారంలో రబ్బరు గొట్టం ఉంచి, ఒకసారి తట్టి వినమన్నారు. చిన్నగా గుయ్యిమని వెంటనే ఆగిపోతే లోపల అంతా బాగున్నట్టు, ఏడుస్తున్నట్టు సాగితే రాణి లేనట్టు అన్నారు. తట్టాను, విన్నాను. నా చెవిలో నా గుండె చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. రెండోసారి తట్టబోయి, చలికాలంలో వాటిని మాటిమాటికీ కదిలిస్తే తేనె ఖర్చు చేసుకుంటాయని మీరన్నది గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

కాబట్టి నాకు వచ్చిన పని చేశాను. మా బడి ప్రయోగశాలలో పిల్లలు ఆడుకునే మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటి ఉంది, చిన్న కంప్యూటరు లాంటిది, అరచేతిలో ఇముడుతుంది. దానికి తీగలు తగిలించే ద్వారాలు ఆరు. మీ పెట్టెలూ ఆరే. ఒక్కో పెట్టెలోకి ఒక్కో తీగ వేశాను. తీగ చివర మూడు కాళ్ళ సెన్సర్ ఉంటుంది, మిరియపు గింజంత. వేడి పెరిగితే అది పంపే వోల్టేజి పెరుగుతుంది, బోర్డు దాన్ని కొలిచి డిగ్రీల్లో చెబుతుంది. ఈగల గుత్తిలో గుచ్చానని కంగారుపడకండి. పైనున్న ఉన్ని గుడ్డ కింద పెట్టాను, అంతే. వంటింటి కిటికీ దగ్గర కూర్చుని కాఫీ తాగుతూ ఆరు పెట్టెల సంగతీ తెలుసుకుంటున్నాను.

పేర్లు మాత్రం ఆ పెట్టెల ముఖం మీది బొమ్మలవే. ఐదో ద్వారం 'నాలుక', ఆడదాని నాలుకను దెయ్యం సానరాయి మీద నూరుతున్న బొమ్మది. ఆరో ద్వారం 'ఫ్లోర్యాన్', అత్తయ్య చేత్తో వేసిన మీ పేరే ఉన్న దేవుడు, మండుతున్న ఇంటి మీద నీళ్ళు పోస్తున్నవాడు. ఇవాళ నాలుకలో పదకొండు, ఫ్లోర్యాన్‌లో పదిహేడు. బయట మంచు.

కొట్టం నేల మీద కొన్ని ఈగలు చచ్చి పడి ఉంటే ఊడ్చేశాను. మీరు మందులు మింగుతున్నారా, పక్కవాడి పూలకుండీలో వేస్తున్నారా?

వెద్రానా

*

శానటోరియం, రెండో అంతస్తు, డిసెంబరు

వెద్రానాకు,

క్షేమమని తలవడం ఎందుకు? అడుగు. అడిగితే చెబుతాను కదా, క్షేమంగా లేనని.

ముందు ఒక మాట సరిదిద్దుకో. మీ బోస్నియాలో ఎలా అంటారో నాకు తెలియదు. ఇక్కడ ఆవు చస్తుంది, పిల్లి చస్తుంది, పక్క ఊరి మేయరు కూడా చస్తాడు. తేనెటీగ మాత్రం కన్నుమూస్తుంది. మనిషికి ఏ మాట వాడతామో దానికీ అదే. ఈ ఇంటి కోడలివై ఇన్నేళ్ళయినా ఆ ఒక్క మాట నీ నోటికి రాలేదు. నీ ఉత్తరం పక్క మంచం పెపికి చదివి వినిపిస్తుంటే ఆ ముక్క దగ్గర నాకు సిగ్గేసింది. పెపి పోస్టుమన్‌గా చేసి రిటైరయ్యాడు. ఉత్తరాలు మోశాడు గానీ ఎవరివీ చదవలేదట, ఇప్పుడు ఆ లోటంతా నా మీద తీర్చుకుంటున్నాడు.

తేనెటీగలకు చంకలో థర్మామీటరు పెట్టడం నేనెక్కడా వినలేదు. మా నాన్న చూస్తే నిన్ను కొట్టం నుంచి తరిమేసేవాడు. అయినా పదిహేడు అన్నావు. ఆ అంకె చూసినప్పటి నుంచి నా మనసు కుదుటపడింది. వినలేని చెవుల కంటే అదే నయం.

ఇప్పుడు అసలు సంగతి. డాక్టరు హ్రీబార్ నా ఊపిరితిత్తిలో ఒక భాగం కోసి తీసేయాలంటోంది. కాగితం తెచ్చి ముందు పెట్టింది. నేను సంతకం పెట్టలేదు. ఫ్లోర్యాన్ పెట్టెలో ఉన్నది నా పెళ్ళినాటి నుంచి తల్లి తర్వాత కూతురిగా కాపాడుకొస్తున్న వంశం. ఆ పెట్టె ఈ చలికాలం దాటితే నేనూ దాటుతాను, సంతకం పెడతాను. అది దాటకపోతే ఈ ముసలి ఒంటిని ముక్కలు చేయించుకుని నేను ఇంటికి వచ్చి చూసేదేముంది? డాక్టరుకూ ఇదే చెప్పాను. ఆమె నాకు పిచ్చి అని అనుకుంది, పైకి అనలేదు.

అందుకని అంకె రాస్తూ ఉండు. మిగతా కబుర్లు తర్వాత.

ఫ్లోర్యాన్

*

పోద్‌బ్రేగ్, జనవరి

మామయ్యా,

క్షేమమా? అడిగాను.

మీ ఉత్తరం చదివి కోపం వచ్చింది, ఆ కోపంతోనే రాస్తున్నాను. ఒక తేనెటీగల పెట్టెతో ప్రాణం ముడిపెట్టుకున్న మనిషిని కథల్లో చూశాను గానీ ఇంట్లో చూస్తాననుకోలేదు. రోక్‌కు చెబితే, "నాన్న అంతే, ఆయన్ని మార్చలేం, నువ్వు మంచి అంకెలే రాయి" అన్నాడు. మంచి అంకెలు నేను తయారుచేసేవి కావు కదా. బోర్డు ఏది చెబితే అది రాస్తాను.

చలి విపరీతంగా ఉంది. బావి పంపు గడ్డకట్టింది. పెట్టెల ద్వారాల ముందు మంచు తీసి, మీరు చెప్పినట్టే చెక్కలు వాల్చాను. ఫ్లోర్యాన్ కాస్త దిగి పన్నెండుకు వచ్చింది. నాలుక కూడా పన్నెండే. ముందు కంగారుపడ్డాను గానీ, వారం నుంచి చూస్తున్నాను, నిలకడగా ఉంది. ఒక విచిత్రం ఏమిటంటే ఫ్లోర్యాన్ ఇప్పుడు నాలుక వెంటే నడుస్తోంది. నాలుక ఒక డిగ్రీ ఎక్కితే అదీ ఎక్కుతుంది, దిగితే అదీ దిగుతుంది. గోడ ఒకటే కాబట్టి ఒకదాని వెచ్చదనం ఒకటి పంచుకుంటున్నాయేమో. మీకు తెలిసే ఉంటుంది.

సంతకం పెట్టండి మామయ్యా. వసంతం దాకా ఆగేది మీ మొండితనం ఒక్కటే, జబ్బు ఆగదు.

వెద్రానా

*

శానటోరియం, జనవరి చివర

వెద్రానాకు,

క్షేమమే. చూశావా, అడిగితే జవాబు ఎంత చిన్నదో.

పదిహేడు నుంచి పన్నెండుకు దిగిందని భయపడకు. అది పొదుపు. మా ఎగువ సీమ వాళ్ళు పిసినారులని దేశమంతా ఎగతాళి చేస్తుంది. మా ఈగలు కూడా మా ఊరివే కదా. గట్టి చలి వచ్చిందంటే ముద్దగా ఒదిగి, మంట తగ్గించుకుని, తేనె చుక్క చుక్క లెక్కపెట్టుకు తింటాయి. బలమైన కాపురమే అలా తగ్గించుకోగలదు. నేను ఇది పెపికి చెబితే, నీ ఈగలు నీకంటే తెలివైనవి అన్నాడు. వాడు సముద్రతీరం వాడు, చేతికి వచ్చిందల్లా ఖర్చు పెట్టి చివరికి ఇక్కడికి చేరాడు.

కానీ ఫ్లోర్యాన్ ఆ దెయ్యం బొమ్మ పెట్టె వెంట నడవడం నాకు నచ్చలేదు. ఎప్పుడూ అదే ముందుండేది. నాలుక పెట్టెలో రాణిని మొన్న వేసవిలో నేనే మార్చాను. ఆ రాణి ఎక్కడిదో ఇంటికి వచ్చాక చెబుతాను, నువ్వు నవ్వుతావు.

ఈ మధ్య అన్నం సయిస్తోంది. మధ్యాహ్నం పుల్లటి క్యాబేజీ పెడితే పెపి వాటా కూడా తిన్నాను. డాక్టరు హ్రీబార్ రోజూ పొద్దున్నే నా గొంతు దగ్గర వేళ్ళు పెట్టి చూసి, కాగితం మీద రాసి చూపిస్తుంది: "ఫ్లోర్యాన్ పెట్టెలో ఎంత?" పన్నెండు అని చెబితే తల ఊపుతుంది. ఆమెకూ అలవాటైపోయింది. ఈసారి నీ ఉత్తరంలో అంకె ఇలాగే ఉంటే చలికాలం గట్టెక్కినట్టే. సంతకం పెట్టేస్తాను. కలం కూడా బల్ల మీద పెట్టుకున్నాను.

ఫ్లోర్యాన్

*

పోద్‌బ్రేగ్, ఫిబ్రవరి

మామయ్యా,

ఇక్కడ అందరం క్షేమం. రోక్ వచ్చి రెండు రోజులుండి మళ్ళీ వెళ్ళాడు. మీకు నమస్కారాలు చెప్పమన్నాడు.

దక్షిణపు గాలి తిరిగింది. మంచు కరిగి చూరు నుంచి ధారలు పడుతున్నాయి. ఉతికిన దుప్పట్లు బయట ఆరేస్తే పసుపు చుక్కలు పడ్డాయి, మళ్ళీ ఉతకాల్సి వచ్చింది. వాల్‌నట్ రొట్టె చేశాను, అడుగు మాడింది. మాడని ముక్కలు మీకు పంపుతున్నాను, పెపిగారికి కూడా ఇవ్వండి.

పెట్టెలన్నీ బాగానే ఉన్నాయి. మీరు దిగులుపడకుండా సంతకం పెట్టండి. ఈ వారమే పెడితే మంచిదని రోక్ కూడా అంటున్నాడు.

మీరు క్షేమమని తలుస్తాను.

వెద్రానా

*

శానటోరియం, ఫిబ్రవరి

వెద్రానాకు,

రొట్టె బాగుంది. ఉత్తరం బాగాలేదు.

అంకె రాయలేదు. నేను చెవిటివాణ్ణి గానీ గుడ్డివాణ్ణి కాదు. దుప్పట్ల మీద పసుపు చుక్కలు అన్నావు. అంటే ఎండ వచ్చింది, ఈగలు చలికాలమంతా పట్టుకున్న కడుపు ఖాళీ చేసుకోవడానికి మొదటిసారి బయటికి వచ్చాయి. ఇది తేనెటీగలు పెంచేవాడికి ఏడాదిలో అన్నిటికంటే పెద్ద కబురు. దాన్ని నువ్వు చాకలిపద్దులో రాశావు. ఏ పెట్టెల్లోంచి వచ్చాయి? ఏ పెట్టెలోంచి రాలేదు?

నేనూ ఒకటి దాచాను, చెప్పేస్తాను. కోయించుకోకపోతే వేసవి చివరిదాకా ఉంటానని చెప్పలేమని డాక్టరు ముందే రాసి చూపించింది. ఇది రోక్‌కు చెప్పలేదు. వచ్చే గురువారం ఆపరేషనుకు వేళ కుదిర్చింది. ఆ రోజు దాటితే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు, దొరికినా అప్పటికి నా ఒళ్ళు తట్టుకోదంటోంది.

కలం బల్ల మీదే ఉంది. నీ జవాబు వచ్చేదాకా ముట్టుకోను. జాలిపడి రాయకు. నన్ను చిన్నపిల్లాణ్ణి చేసి సంతకం పెట్టించుకుంటే, మళ్ళీ ఇంటికి వచ్చి నీ ముఖం చూడలేను.

ఫ్లోర్యాన్

*

పోద్‌బ్రేగ్, ఫిబ్రవరి, మీ ఉత్తరం అందిన రోజే

మామయ్యా,

వేసవి సంగతి చదివాను. ఇప్పుడు నిజం రాస్తే మీరు కలం ముట్టుకోరేమోనని భయంగా ఉంది. రాయకపోతే మీరే చెప్పారు ఏమవుతుందో. రాస్తున్నాను.

ఎండ వచ్చిన రోజు ఐదు పెట్టెల్లోంచి ఈగలు వచ్చాయి. ఫ్లోర్యాన్‌లోంచి ఒక్కటీ రాలేదు. లోపలికి పరిగెత్తి బోర్డు చూశాను. ఫ్లోర్యాన్ పద్నాలుగు అంటోంది. వెచ్చగా ఉంది కదా, బద్ధకంగా పడుకున్నాయేమో అనుకుని మళ్ళీ బయటికి వెళ్ళి ఎండ దిగేదాకా నిలబడ్డాను. రాలేదు. అప్పుడు అనుమానం ఈగల మీద నుంచి నా పని మీదికి మళ్ళింది. బోర్డు దగ్గర ఫ్లోర్యాన్ తీగను ద్వారంలోంచి ఊడబీకాను. తీగ నా చేతిలో ఉంది. బోర్డు మాత్రం ఫ్లోర్యాన్ పద్నాలుగు అనే చెబుతోంది.

ఏం జరిగిందో మీకు తేలిగ్గా చెబుతాను. ఆ బోర్డులో కొలిచే యంత్రం ఒక్కటే. అది ఆరు ద్వారాలూ వరసగా తిరిగి, ఒక్కో దాని దగ్గర వోల్టేజి అడిగి తెలుసుకుంటుంది. ఏదైనా ద్వారానికి తీగ తగిలి ఉండకపోతే అక్కడ జవాబు చెప్పేవాళ్ళు ఉండరు. అప్పుడు అది ఊరుకోదు. కిందటి ద్వారం దగ్గర విన్నదే ఇంకా దాని లోపల మిగిలి ఉంటుంది, దాన్నే ఇక్కడా చెప్పేస్తుంది. ఫ్లోర్యాన్‌కు ముందు ద్వారం నాలుక. అందుకే ఫ్లోర్యాన్ నాలుక వెంట నడిచింది. గోడ చెక్క తీసి చూస్తే ఎలుక తీగను కొరికేసి ఉంది. ఎప్పుడు కొరికిందో తెలియదు. పదిహేడు మాత్రం నిజంగా ఫ్లోర్యాన్‌దే. ఆ తర్వాత మీకు రాసిన పన్నెండు నాలుక పెట్టెది. ఇది నేను పిల్లలకు బడిలో నేర్పే మొదటి పాఠాల్లో ఒకటి, మామయ్యా. ఖాళీ ద్వారాన్ని నమ్మొద్దని నేనే వాళ్ళకు చెబుతాను.

రోక్‌తో చెప్పాను. సంతకం అయ్యేదాకా నాన్నకు చెప్పొద్దు, తర్వాత నేను చూసుకుంటాను అన్నాడు. నేనూ ఒప్పుకున్నాను. ఆ దుప్పట్ల ఉత్తరం అలా పుట్టింది. అబద్ధపు అంకె రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు, అందుకే అంకె వదిలేశాను.

నిన్న పెట్టె తెరిచాను. అన్నీ ఒక్క ముద్దగా, ఒక దాన్ని ఒకటి పట్టుకుని, తలలు అరల్లో దూర్చి ఉన్నాయి. ఒక జానెడు దూరంలో తేనె నిండుగా ఉంది. ఆ చలిలో ఆ జానెడూ దాటలేకపోయాయి. రాణి మధ్యలో ఉంది. ఫ్లోర్యాన్ పెట్టెలో తేనెటీగలు కన్నుమూశాయి, మామయ్యా.

మీరు ఏ బేరం పెట్టుకున్నారో నాకు తెలుసు. ఆ బేరం ప్రకారం నేను అడగడానికి ఏమీ మిగల్లేదు. అయినా అడుగుతున్నాను. మీరు ఇంటికి రావాలి. పెట్టెల కోసం కాదు. ఉదయం మీరు కాఫీలో చక్కెర ఎక్కువైందని సణగకపోతే ఈ వంటింట్లో నాకు తోచడం లేదు.

పోస్టులో వేస్తే ఇది అందేసరికి గురువారం దాటిపోవచ్చు. అందుకే రోక్‌ను వెనక్కి రప్పించి, నేరుగా మీ దగ్గరికి పంపి చేతికి ఇప్పిస్తున్నాను. ఇందులో ఏముందో అతనికి చెప్పాను. అరిచాడు. అరవనివ్వండి.

వెద్రానా

*

శానటోరియం, బుధవారం

వెద్రానాకు,

రోక్ ఎదురుగా కూర్చుని ఉన్నాడు, నా ముఖం చూడలేక కిటికీలోంచి చూస్తున్నాడు. వాడి చేతికే ఇది ఇస్తున్నాను.

నీ ఉత్తరం మొదట నేనొక్కణ్ణే చదివాను. తర్వాత పెపికి ఇచ్చాను, చదివి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పొదుపు అని ఎంత గొప్పగా చెప్పుకున్నానో అదంతా గుర్తొచ్చింది. అవి లోపల పోయి ఉంటే, నేను ఇక్కడ వాటి పిసినారితనాన్ని పొగుడుతున్నాను. మా ఎగువ సీమ వాడు తప్ప ఇంకెవడూ ఈ పొరపాటు చేయడు. మీ అత్తయ్య బతికి ఉంటే ఏడాది పొడుగునా నన్ను దెప్పేది.

నాలుక పెట్టెలో రాణి ఎక్కడిదో ఇంటికి వచ్చాక చెబుతానన్నాను. ఇప్పుడే చెబుతున్నాను. అది ఫ్లోర్యాన్ రాణి కూతురు. ఒకే పెట్టెలో వంశమంతా ఉంచుకోవడం ప్రమాదమని వేసవిలో నేనే మార్చాను. నువ్వు పంపిన పన్నెండు తల్లిది కాదు, కూతురిది. తల్లి జవాబు చెప్పలేని చోట కూతురు చెప్పింది. నీ బోర్డు తప్పు చెప్పిందని తిట్టుకోకు.

అయినా బేరం బేరమే అని పొద్దున్నంతా అనుకున్నాను. ఫ్లోర్యాన్ దాటలేదు, కాబట్టి నేనూ దాటను, ఇదీ నా మాట. తర్వాత అనిపించింది, నేను బేరం కుదుర్చుకున్నది ఎవరితో? తేనెటీగలతో కాదు, ఎలుక కొరికిన తీగతో. అలాంటి బేరం చెల్లదు. డాక్టరు హ్రీబార్ వచ్చి ఎప్పటిలాగే కాగితం చూపించింది, ఫ్లోర్యాన్ పెట్టెలో ఎంత అని. కన్నుమూశాయని చెప్పాను. ఆమె తన కాగితాలు సర్దుకుని వెళ్ళిపోబోయింది. ఆగమని చెప్పి సంతకం పెట్టాను. పేరు సరిగ్గా రాలేదు, రెండోసారి పెట్టమంది.

నువ్వు జాలిపడి రాసి ఉంటే పెట్టేవాణ్ణి కాదు. ఆ మాట సరిగ్గా రాశావు చూడు, అక్కడ పెట్టాలనిపించింది.

ఇక ఒక పని. మా పద్ధతి నీకు తెలుసు. పెంచినవాడు పోతే ఇంట్లోవాళ్ళు పెట్టె పెట్టెనూ తట్టి ఆ సంగతి వాటికి చెప్పాలి, లేకపోతే అవీ వెంట వస్తాయంటారు. రోక్ సిగ్గుపడతాడు, వాడి వల్ల కాదు. రేపు నేను లేవకపోతే నువ్వే వెళ్ళు. నా గురించి మనుషులతో ఏ మాట వాడినా ఫర్వాలేదు. వాటి ముందు మాత్రం చచ్చాడు అనకు.

ఫ్లోర్యాన్

*

పోద్‌బ్రేగ్, గురువారం

మామయ్యా,

రాత్రి మీ ఉత్తరం తెచ్చిచ్చి తెల్లవారకముందే మీ దగ్గరికి తిరిగి వెళ్ళిన రోక్, మిమ్మల్ని లోపలికి తీసుకెళ్ళారని ఫోను చేశాడు. అతను అక్కడ తలుపు బయట ఉన్నాడు, నేను ఇక్కడ వంటింట్లో ఉన్నాను. ఇద్దరికీ ఏమీ తెలియదు. ఊరికే కూర్చోలేక బోర్డు బాగుచేశాను. ప్రతి ద్వారానికీ ఒక చిన్న రెసిస్టర్ తగిలించాను. ఇక మీద తీగ తెగితే పక్కింటి మాట చెప్పదు, మైనస్ యాభై అని చెబుతుంది. ఆ అంకెకు భయపడకూడదు, అక్కడ ఎవరూ లేరని మాత్రమే దాని అర్థం. ఫ్లోర్యాన్ ద్వారం ఇప్పుడు అదే అంటోంది. ఆ పెట్టె కడిగి ఎండలో పెట్టాను, అత్తయ్య బొమ్మ తడవకుండా.

తర్వాత గొట్టం తీసుకుని కొట్టంలోకి వెళ్ళాను. మీరు చెప్పమన్న మాట చెప్పలేదు. ఐదు పెట్టెలూ ఒక్కొక్కసారి తట్టి, "ఆయన్ని ఇప్పుడు కోస్తున్నారు, కాస్త ఓపిక పట్టండి" అన్నాను. నాలుక పెట్టె దగ్గర గొట్టం చెవికి పెట్టుకున్నాను. ఈసారి నా గుండె చప్పుడు కాదు, లోపల గుయ్యిమంది, వెంటనే ఆగింది. మీరు చెప్పినట్టే. అక్కడే చెక్క మీద కూర్చుని ఏడ్చాను.

ఫోను ఇంకా మోగలేదు. ఇది మడిచి పోస్టులో వేస్తున్నాను. మోగిందంటే వేయడానికి ధైర్యం చాలదేమోనని ముందే వేస్తున్నాను. ఇది మీ మంచం పక్కకు చేరేసరికి నేను అడగాల్సింది ఏమీ ఉండదు. మీరు చదువుతున్నారంటే, అంకె అక్కర్లేదు.

మీరు క్షేమమని తలుస్తాను. ఇవాళ అడగడానికి ధైర్యం లేదు మామయ్యా, తలుస్తాను, అంతే.

వెద్రానా